కాకి అంత తెలివైనదైతే, కోకిల పిల్లను ఎందుకు పెంచుతోంది?

రిసాలిలో ఏప్రిల్ వచ్చిందంటే తెల్లవారుజామున అలారం అక్కర్లేదు. భిలాయ్ స్టీల్ ప్లాంట్ టౌన్‌షిప్‌లో క్వార్టర్ల మధ్య పెరిగిన వేప, మామిడి చెట్ల మీద నుంచి కోకిల మొదలుపెడుతుంది. ఒక్కో కూత ముందుదానికంటే కాస్త పై స్థాయిలో, కాస్త గట్టిగా. ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు అది ఉగాది కూత.

సరిగ్గా ఆ రోజుల్లోనే కాకి కూడా పుల్లలు, ఇనుప తీగ ముక్కలు ఏరుకొచ్చి గూడు కడుతూ ఉంటుంది. కోకిల కనిపిస్తే చాలు, వెంటపడి తరుముతుంది. కానీ అదే కోకిలకు పుట్టిన పిల్ల తన గూట్లో నోరు తెరిస్తే, ఎక్కడెక్కడి నుంచో తిండి తెచ్చి ఆ నోట్లో పెడుతుంది.

శత్రువు అని తెలిసిన పక్షి పిల్లనే పెంచడం ఏమిటి? పైగా పక్షుల్లో తెలివైనవాటి జాబితా రాస్తే కాకి కుటుంబం పేరు పైనే ఉంటుంది. అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు మాస్కులు పెట్టుకుని చేసిన ప్రయోగాల్లో, తమను పట్టుకున్న మనిషి ముఖాన్ని అక్కడి కాకులు ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకున్నాయని తేలింది. మనిషి ముఖం గుర్తుపట్టే పక్షికి తన గూట్లో ఉన్న పిల్ల తనది కాదని ఎందుకు తెలియడం లేదు?

దీనికి సమాధానం కాకి తెలివిలో కంటే, తరాల తరబడి సాగిన ఒక లెక్కలో ఉంది. ఆ లెక్క పేరే ప్రకృతి వరణం.

పేరులోనే ఉన్న విషయం

కోకిల సంగతి మన పూర్వీకులకు కొత్త కాదు. సంస్కృతం నుంచి తెలుగులోకి వచ్చిన ‘పరభృతము’, ‘అన్యపుష్టము’ అనే మాటలకు అర్థం కోకిలే. పరులు పెంచినది, ఇతరులు పోషించినది అని. కాళిదాసు శాకుంతలంలో దుష్యంతుడు శకుంతలను నిందించేటప్పుడు ఎత్తిపొడిచేది కూడా ఈ విషయాన్నే.

అయితే కవులు ఒక చోట పొరబడ్డారు. ‘కోకిలమ్మ పాట’ అని మనం మురిసిపోయే ఆ పాట అమ్మది కాదు. పాడేది మగ కోకిల. నిగనిగలాడే నలుపు, ఎర్రటి కళ్లు దాని గుర్తులు. ఆడ కోకిల గోధుమ రంగులో, ఒంటి నిండా తెల్లటి చుక్కలు, చారలతో ఉంటుంది. దాని అరుపు ‘కిక్ కిక్ కిక్’ అన్నట్టు ఉంటుంది తప్ప అందులో పాటేమీ లేదు.

ఆ ఆడ కోకిలే గూడు కట్టదు, గుడ్డు పొదగదు. కాకి గుడ్లు పెట్టే రోజులు కనిపెట్టి, అది లేని క్షణం చూసి గూట్లో గుడ్డు పెట్టి వెళ్లిపోతుంది. మగ కోకిల కాకి కంటపడేలా తిరిగి దాన్ని తన వెంట తరుముకొచ్చేలా చేస్తే, ఆ సందులో ఆడది పని కానిచ్చేస్తుందని పక్షుల పరిశీలకులు చాలాకాలంగా చెబుతున్నారు. కోకిల గుడ్డు కాకి గుడ్డు కంటే చిన్నది. కానీ రంగు, మచ్చలు దాదాపు అలాగే ఉంటాయి.

అసలు తేడా పొదుగులో ఉంది. కోకిల గుడ్డు కాకి గుడ్డు కంటే రెండు, మూడు రోజుల ముందే పగులుతుంది. ముందు పుట్టిన పిల్లకు ముందు తిండి. ఇదెలా సాధ్యమన్నది చాలాకాలం చిక్కుప్రశ్నే. బ్రిటన్‌కు చెందిన టిమ్ బర్క్‌హెడ్ బృందం 2011లో ప్రచురించిన పరిశోధనలో యూరప్, ఆఫ్రికా కుకూ పక్షులు గుడ్డును దాదాపు ఒక రోజు అదనంగా కడుపులోనే ఉంచుకుంటాయని తేల్చింది. అంటే గూట్లో పడేసరికే ఆ గుడ్డు కొంత పొదిగి ఉంటుంది. కోకిల కూడా ఆ కుకూ కుటుంబానికి చెందిన పక్షే.

ఇవేవీ కోకిల కూర్చుని వేసిన పథకాలు కావు. ఏ కోకిల గుడ్డు కాస్త ముందు పగిలిందో దాని పిల్ల బతికింది, ఆ లక్షణం తర్వాతి తరానికి వెళ్లింది. ఆలస్యంగా పగిలిన గుడ్ల వంశాలు తగ్గిపోయాయి. ఇది వేల తరాలు జరిగితే, చూసేవాళ్లకు అదొక పన్నాగంలా కనిపిస్తుంది.

చార్లెస్ డార్విన్‌కు కూడా ఇదే ప్రశ్న ఎదురైంది. 1859లో వెలువడిన ‘ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్’లో సహజ ప్రవృత్తి గురించి ఒక అధ్యాయమే ఉంది. రెక్కలు, ముక్కుల్లాగే ప్రవర్తన కూడా తరతరానికీ సంక్రమిస్తుందని, దాని మీద కూడా వరణం పనిచేస్తుందని చెప్పడానికి ఆయన తీసుకున్న ఉదాహరణల్లో కుకూ ఒకటి. నిజమే, కాకి ఇంట్లో పెరిగిన కోకిల పెద్దయ్యాక ‘కావ్’ అనదు. కోకిలలాగే కూస్తుంది, కోకిలతోనే జత కడుతుంది, మళ్లీ కాకి గూటికే వస్తుంది. ఈ పనులేవీ పెంచిన అమ్మ నేర్పినవి కావు.

తరిమేస్తే పోలా?

సరే, కోకిలకు లాభం ఉంది. మరి కాకికి? అనుమానం వచ్చిన గుడ్డునల్లా బయటికి తోసేసే కాకి పుడితే, దాని పిల్లలే ఎక్కువగా బతకాలి కదా?

ఇక్కడే లెక్క కాస్త జాగ్రత్తగా వేయాలి. ఊహ కోసం ఒక ఊళ్లో 100 కాకి గూళ్లు ఉన్నాయనుకుందాం. వాటిలో పదింటిలో కోకిల గుడ్డు ఉంది. తేడాగా కనిపించిన గుడ్డును తోసేసే ‘అనుమానపు కాకి’ ఆ పది గూళ్లలో ఒక్కోచోట రెండు పిల్లల్ని కాపాడుకుందనుకుంటే లాభం 20. కానీ కోకిల గుడ్డు తన గుడ్డులాగే ఉంటుంది కాబట్టి అది పొరబడుతుంది కూడా. మిగతా 90 గూళ్లలో ప్రతి మూడింటిలో ఒకచోట తన గుడ్డునే తోసేసిందనుకుంటే నష్టం 30. అంటే అనుమానపు కాకి ఓడిపోయింది. ఏదీ పట్టించుకోని కాకి వంశమే పెరుగుతుంది.

అదే కోకిల గుడ్లు పది గూళ్లలో కాకుండా 40 గూళ్లలో ఉంటే? లాభం 80, నష్టం 20. ఇప్పుడు అనుమానానిదే గెలుపు.

ఈ అంకెలు లెక్క అర్థం కావడానికి వేసుకున్నవే. కానీ కేంబ్రిడ్జ్ యూనివర్సిటీకి చెందిన నిక్ డేవిస్, మైఖేల్ బ్రూక్ 1980ల్లో ఇంగ్లండ్‌లోని వికెన్ ఫెన్ చిత్తడి నేలల్లో చేసిన ప్రయోగాలు ఇలాంటి లెక్కకే దారితీశాయి. రకరకాల రంగులు వేసిన నకిలీ గుడ్లను రీడ్ వార్బ్లర్ అనే చిన్న పిట్టల గూళ్లలో పెట్టి ఏం చేస్తాయో చూశారు. తమ గుడ్డుకు దగ్గరగా ఉన్న గుడ్లను ఆ పిట్టలు ఎక్కువగా ఉంచుకున్నాయి, తేడా కొట్టొచ్చినట్టు కనిపించే వాటిని ఎక్కువగా తిరస్కరించాయి. పిట్ట కన్ను ఎంత పదునెక్కితే కుకూ గుడ్డు అంత బాగా అనుకరించాలి. ఆ అనుకరణ బాగుపడేకొద్దీ పిట్ట పొరబడే ప్రమాదం పెరుగుతుంది. ఇద్దరు పోటీదారులు ఒకరినొకరు తీర్చిదిద్దుతున్నారు.

కాకి విషయంలో ఇంకో సంగతి ఉంది. యూరప్ కుకూ పిల్ల కళ్లు తెరవకముందే, వీపు మీద గుడ్లను ఎత్తి గూటి బయటికి పడేస్తుంది. ఈ దృశ్యాన్ని 1788లో వివరంగా రాసినది ఎవరో కాదు, తర్వాత మశూచి టీకాతో పేరు తెచ్చుకున్న ఎడ్వర్డ్ జెన్నర్. మన కోకిల పిల్ల సాధారణంగా అంత పని చేయదు. కాకి పిల్లల పక్కనే, వాటి తిండిలో వాటా తింటూ పెరుగుతుంది. కాకి పిల్లల్లో కొన్ని ఆకలితో చనిపోవచ్చు, కొన్ని బతికి ఎగరొచ్చు. అంటే కాకికి జరిగే నష్టం పూర్తి నష్టం కాదు. నష్టం తక్కువైతే, దాన్ని అడ్డుకునే లక్షణానికి వచ్చే లాభం కూడా తక్కువే. పైన వేసిన లెక్కలో ఒక్కో గూట్లో కాపాడుకునేది రెండు కాదు, ఒకటే అనుకుని మళ్లీ వేసి చూస్తే తేడా తెలుస్తుంది.

స్పెయిన్‌లో మరీ విచిత్రమైన వాదన వచ్చింది. అక్కడ గ్రేట్ స్పాటెడ్ కుకూ అనే పక్షి కాకుల గూళ్లలో గుడ్లు పెడుతుంది. ఆ పిల్లను పట్టుకుంటే భరించలేని కంపుకొట్టే ద్రవం వదులుతుంది. దాంతో పిల్లులు, డేగల్లాంటివి ఆ గూటి జోలికి రావని, వేటాడే జంతువులు ఎక్కువగా ఉన్న ఏడాదుల్లో కుకూ పిల్ల ఉన్న కాకి గూళ్లే ఎక్కువగా గట్టెక్కాయని 2014లో ‘సైన్స్’ పత్రికలో ఒక బృందం రాసింది. వేరే పరిశోధకులు తమ సమాచారంతో దీన్ని ప్రశ్నించారు. వాదన ఇంకా తెగలేదు. అయినా ‘దోపిడీ’ అనుకున్నది ఎప్పుడూ దోపిడీయేనా అన్న అనుమానాన్ని ఆ పరిశోధన మిగిల్చింది.

పిల్లను చూసైనా గుర్తుపట్టలేదా?

గుడ్డు సరే. గోధుమ రంగు మచ్చల్లో పోలిక ఉంది. కానీ పిల్ల? దీనికి ఇజ్రాయెల్ శాస్త్రవేత్త ఆర్నన్ లోటెమ్ 1993లో ‘నేచర్’ పత్రికలో ఒక చక్కటి వివరణ ఇచ్చారు.

తన పిల్ల ఎలా ఉంటుందో పక్షి పుట్టుకతో తెలుసుకోదు, మొదటిసారి పొదిగిన పిల్లల్ని చూసి నేర్చుకుంటుంది అనుకుందాం. మొదటి కాన్పులోనే కుకూ పిల్ల వచ్చి సొంత పిల్లలన్నిటినీ తోసేసిందంటే, ఆ తల్లి నేర్చుకునేదేమిటి? ‘నా పిల్ల అంటే ఇదే’ అని. ఇక ఆ తర్వాత జీవితాంతం తన అసలు పిల్లల్ని పరాయివనుకుని వదిలేస్తుంది. ఒక్కసారి మోసపోవడం కంటే ఇది చాలా పెద్ద నష్టం. కాబట్టి నేర్చుకోకపోవడమే నయం. సొంత పిల్లల పక్కనే కోకిల పెరిగే కాకి గూటికి ఈ వివరణ యథాతథంగా అతకదు. కానీ తెలివి ఉంటే చాలదని, ఆ తెలివిని ఎక్కడ వాడితే లాభమన్నది కూడా వరణమే తేలుస్తుందని ఇది చూపిస్తుంది. మనిషి ముఖం గుర్తుంచుకున్న కాకి ప్రాణం దక్కించుకుంటుంది. గూట్లో పిల్లల్ని శంకించే కాకి సొంత పిల్లల్నే పోగొట్టుకోవచ్చు.

అలాగని ఇదే సార్వత్రిక సూత్రం కాదు. ఆస్ట్రేలియాలో సుపర్బ్ ఫెయిరీ రెన్ అనే చిన్న పిట్ట కొన్నిసార్లు గూట్లోని కుకూ పిల్లను వదిలేసి వెళ్లిపోయి, మళ్లీ కొత్త గూడు కట్టుకుంటుందని నవోమీ లాంగ్‌మోర్ బృందం 2003లో చూపించింది. అక్కడ పోటీ మరో మెట్టు ఎక్కింది.

‘జాతి మేలు కోసం’ అనే అపోహ

జంతువుల గురించిన టీవీ కార్యక్రమాల్లో, పాఠాల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది. ‘తమ జాతి మనుగడ కోసం ఇలా చేస్తాయి’ అని. వినడానికి బాగుంటుంది. కానీ చాలా సందర్భాల్లో తప్పు.

1962లో బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త విన్ ఎడ్వర్డ్స్ ఈ ఆలోచనకు ఒక పెద్ద పుస్తకమే రాశారు. తిండి చాలనప్పుడు జంతువులు గుంపు మేలు కోరి సంతానాన్ని తగ్గించుకుంటాయన్నది ఆయన వాదన. 1966లో అమెరికా శాస్త్రవేత్త జార్జ్ విలియమ్స్ దీన్ని తీవ్రంగా ఖండించారు. గుంపు కోసం సంతానం తగ్గించుకునే జంతువుల మధ్య, తగ్గించుకోని స్వార్థపు జంతువు ఒక్కటి పుడితే చాలు, కొన్ని తరాలకు దాని వంశమే నిండిపోతుంది కదా అన్నది ఆ విమర్శ సారం.

అదే రోజుల్లో ఈ శాస్త్రానికి గణిత పునాది వేసినవారిలో ఒకరైన జేబీఎస్ హాల్డేన్ భారత్‌లోనే ఉన్నారు. 1957లో కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చి, 1964లో భువనేశ్వర్‌లో చనిపోయారు. ఆయన దగ్గర చేరిన తొలి శిష్యుల్లో పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. ఖరీదైన పరికరాలు లేకుండా, కళ్లతో చూసి లెక్కపెట్టి సైన్స్ చేయొచ్చని హాల్డేన్ నమ్మేవారు. కృష్ణారావు అలాగే, వేర్వేరు రంగుల లాంటానా పూల మీద ఏ సీతాకోకచిలుక ఎన్నిసార్లు వాలుతోందో లెక్కపెట్టారు. ఒక్కో జాతి ఒక్కో రంగు వైపు మొగ్గుతోందని, కీటకం ఇష్టాయిష్టాలు కాలక్రమంలో మొక్కనే రెండు జాతులుగా విడదీసే అవకాశం ఉందని 1960లో ‘నేచర్’లో రాశారు. ఆ లాంటానా కంచెలు మన ఊళ్లలోనూ ఎక్కడ చూసినా కనిపించేవే.

‘జాతి మేలు’ అనే మాటను అన్నిటికంటే గట్టిగా దెబ్బతీసిన ఉదాహరణ కూడా మన దేశానిదే. కోకిల సంగతిలా అది నవ్వుకుని వదిలేసేది కాదు.

కర్ణాటకలోని ధార్వాడ్ దగ్గర 1960ల మొదట్లో జపాన్ శాస్త్రవేత్త యుకిమారు సుగియామా కొండముచ్చులను పరిశీలించారు. బయటి నుంచి వచ్చిన మగ కొండముచ్చు గుంపు నాయకుణ్ని తరిమేసి, ఆ తర్వాత తల్లుల ఒడిలో ఉన్న పిల్లల్ని చంపడం ఆయన నమోదు చేశారు. చాలామంది నమ్మలేదు. మనుషుల మధ్య ఇరుకుగా బతకడం వల్ల వచ్చిన వికారమని కొట్టిపారేశారు.

1970ల్లో అమెరికా పరిశోధకురాలు సారా హ్రడీ కూడా అదే అనుమానంతో రాజస్థాన్‌లోని మౌంట్ అబూకు వచ్చారు. చూసిన కొద్దీ ఆమె అభిప్రాయం మారింది. ఒక మగ కొండముచ్చు గుంపును ఏలేది సగటున రెండేళ్ల పైచిలుకు మాత్రమే. పాలిచ్చే తల్లి మళ్లీ వెంటనే ఎదకు రాదు. పిల్ల చనిపోతే త్వరగా వస్తుంది. కొత్త నాయకుడికి ఉన్న కొద్ది సమయంలో తన పిల్లలు పుట్టి పెరగాలంటే, ముందు నాయకుడి పిల్లలు అడ్డు. చంపేవి తమకు పుట్టని పిల్లల్నే అయి ఉండాలన్నది ఈ వివరణకు అసలు పరీక్ష. నేపాల్‌లోని రామ్‌నగర్‌లో కరోలా బోరీస్ బృందం డీఎన్ఏ పరీక్షలు చేసి, దాడి చేసిన మగ కొండముచ్చులు ఆ పిల్లల తండ్రులు కావని 1999లో తేల్చింది.

ఇందులో జాతికి మేలేముంది? ఏమీ లేదు. పుట్టిన పిల్లలు తగ్గిపోవడమే. కానీ చంపిన మగవాడి వారసులు పెరుగుతారు, వరణం లెక్కపెట్టేది అదొక్కటే. ఆడ కొండముచ్చులూ చేతులు ముడుచుకుని కూర్చోవని హ్రడీ రాశారు. కలిసి ఎదురు తిరుగుతాయి. ఒక్కోసారి కడుపుతో ఉండి కూడా కొత్త మగవాడితో జతకడతాయి. పుట్టబోయేది తన పిల్లేమో అన్న సందేహం దానికి మిగలాలి కదా.

ప్రకృతిలో ఉన్నది కాబట్టి అది సబబేనని ఇక్కడి నుంచి వాదించేవాళ్లూ ఉన్నారు. అది తప్పుడు తర్కం. కొండముచ్చు ఎందుకు అలా చేస్తుందో చెప్పడం ఒక పని, అది మంచిదని చెప్పడం వేరే పని. రెండోది హ్రడీ ఎన్నడూ చేయలేదు.

మైత్రీ బాగ్ తెల్లపులి

ఈ లెక్కను ఎవరు వేస్తున్నారన్నది మారితే ఏమవుతుందో చూడటానికి రిసాలి నుంచి దూరం వెళ్లక్కర్లేదు. భారత్, సోవియట్ మైత్రికి గుర్తుగా 1972లో ఏర్పాటైన మైత్రీ బాగ్ జూ దగ్గర్లోనే ఉంది. భిలాయ్ స్టీల్ ప్లాంట్ నడిపే ఆ జూకు తెల్లపులులే ప్రధాన ఆకర్షణ.

మన జూలలోని తెల్లపులుల కథ 1951లో రీవా అడవుల్లో దొరికిన మోహన్ అనే పిల్లతో మొదలవుతుంది. మోహన్‌ను మామూలు రంగు ఆడపులితో కలిపితే తెల్ల పిల్లలు పుట్టలేదు. సొంత కూతురు రాధతో కలిపాక 1958లో పుట్టాయి. తండ్రి నుంచీ తల్లి నుంచీ ఒకే జన్యు మార్పు వస్తేనే ఆ రంగు వస్తుంది. ఆ మార్పు ‘ఎస్ఎల్‌సీ45ఏ2’ అనే జన్యువులో ఉందని చైనా పరిశోధకులు 2013లో గుర్తించారు. రంగు పోకుండా ఉండటానికి దగ్గరి సంబంధాలే మళ్లీ మళ్లీ కలిపారు. మెల్లకన్ను లాంటి లోపాలు తెల్లపులుల్లో తరచూ కనిపిస్తాయి.

అడవిలో ఏ పులి పిల్లల్ని కంటుందో నిర్ణయించేది వేట, హద్దు, పోటీ. జూలో నిర్ణయించింది మనిషి, అదీ రంగు చూసి. బోనులో పులి తాను వేటాడగలనని ఎవరికీ నిరూపించుకోనక్కర్లేదు. ఆ బోను పక్క చెట్టు మీద గూడు కట్టిన కాకికి మాత్రం అలాంటి మినహాయింపు లేదు.

కోకిల లేని కాకులు

ఆ కాకి మనుషుల వెంట సముద్రాలు కూడా దాటింది. 1890ల్లో జాంజిబార్ దీవికి చేరింది, అక్కడి నుంచి తూర్పు ఆఫ్రికా తీరమంతా వ్యాపించింది. స్థానిక పక్షుల గుడ్లు, పిల్లల్ని తినేస్తూ, హోటళ్ల దగ్గర పర్యాటకుల తిండి ఎత్తుకుపోతూ ఎంత తలనొప్పిగా మారిందంటే, 2024లో కెన్యా ప్రభుత్వం పది లక్షల కాకుల్ని చంపే కార్యక్రమం ప్రకటించింది. ఆ తీరంలో మన కోకిల లేదు.

సింగపూర్‌కూ కాకి అలాగే మనిషి తోడుగా వెళ్లింది. కానీ అక్కడికి కోకిల కూడా చేరింది. ఒకప్పుడు ఆ దీవికి వలస వచ్చిపోయే అతిథి అది. కాకులు పెరిగాక అక్కడే ఉండిపోయి వాటి గూళ్లలో గుడ్లు పెట్టడం మొదలుపెట్టింది. ఇప్పుడు తెల్లవారుజామున కోకిల గోలకు నిద్ర పట్టడం లేదని ఫిర్యాదు చేసేవాళ్లు సింగపూర్ అపార్ట్‌మెంట్లలో ఉన్నారు.

రిసాలిలో ఆ ఫిర్యాదు చేసేవాళ్లు తక్కువ. జూన్‌లో తొలకరి పడే వేళకు క్వార్టర్ల ప్రహరీ మీద నల్లటి పిల్లపక్షి ఒకటి రెక్కలు అల్లాడిస్తూ నోరు తెరుస్తుంది. అప్పటికే అది ఎగరగలదు. అయినా కాకి వచ్చి దాని నోట్లో ముద్ద పెట్టి, మళ్లీ తిండి కోసం ఎగిరిపోతుంది.